తిరుపతిలో మొక్కల పరిణామం చదవాలంటే: అడవి దారా, డీఎన్ఏ దారా?

ఎమ్మెస్సీ బాటనీ అయ్యాక మొక్కల పరిణామం మీద పరిశోధన చేద్దామనుకునేవాళ్లకి తిరుపతిలోనే రెండు దారులున్నాయి.

ఒకటి, 1954లో పుట్టిన ఎస్వీ యూనివర్సిటీలో వర్గీకరణ శాస్త్రం. అక్కడి హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోటు), పక్కనే శేషాచలం కొండలు. సైకస్ బెడ్డోమీనే తీసుకోండి. ఈ కొండలకే పరిమితమైన మొక్క, చూడ్డానికి చిన్న ఈతచెట్టులా ఉంటుంది. ఆడ, మగ మొక్కలు వేరువేరు. మందుకోసం మగ శంకువులు (పుప్పొడి ఉండే కోన్లు) కోసేస్తే పుప్పొడి అందక విత్తనాలు పడవు. ఏ కొండవాలులో ఎన్ని మగ మొక్కలు మిగిలాయో అడవిలో తిరిగినవాళ్లే చెప్పగలరు. అయితే అటవీశాఖ అనుమతి లేకుండా ఒక్క ఆకు కూడా తెంపకూడదు. ఆ కాగితాల కోసం తిరగడం టెన్షనే.

రెండోది, 2015లో మొదలైన ఐసర్ తిరుపతి (కేంద్రం నడిపే సైన్స్ విద్యా పరిశోధన సంస్థ), ఏర్పేడు దగ్గర. జన్యుశాస్త్రం, కంప్యూటర్ విశ్లేషణ నేర్చుకోవాలంటే ఇదే నయం. జెన్‌బ్యాంక్ అనే ఆన్‌లైన్ డేటాబేస్‌లో డీఎన్ఏ క్రమాలు ఉచితం, లెక్కల విశ్లేషణకు వాడే 'ఆర్' సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. ఇంట్లో కూర్చునే సాధన మొదలుపెట్టొచ్చు.

డబ్బు సంగతికొస్తే తేడా లేదు. నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే ఎక్కడైనా నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం.

ఉద్యోగాల్లో మాత్రం తేడా ఉంది. మొదటి దారిలో డిగ్రీ కాలేజీ లెక్చరర్, బొటానికల్ సర్వే లాంటివి, ఖాళీలు తక్కువ. రెండో దారిలో విదేశీ పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగం), విత్తన కంపెనీల పరిశోధన కూడా కలుస్తాయి.

నన్నడిగితే ఎమ్మెస్సీలోనే మొక్కను గుర్తుపట్టడం నేర్చుకుని, పీహెచ్‌డీకి డీఎన్ఏ వైపు వెళ్లండి. పేరు తప్పుగా రాసిన నమూనా నుంచి తీసిన డీఎన్ఏతో ఏ వంశవృక్షమూ నిలబడదు.