పద్యం మధ్యలో ప్రకటన రాని చోటు: తెలుగు వికీసోర్స్

రాత్రిపూట అమ్మకు ఫోన్లో పద్యాలు చదివి వినిపిస్తాను. ఇదివరకు వాడిన ఒక యాప్‌లో రెండు పద్యాలకోసారి చీరల ప్రకటన వచ్చేది. అమ్మ "ఇంక చాల్లే" అని పక్కకు తిరిగేది. ఇప్పుడు తెలుగు వికీసోర్స్ అనే ఉచిత పుస్తకాల వెబ్‌సైట్ తెరుస్తున్నాను. వ్యాపార ప్రకటనలు లేవు, చదవడానికి లాగిన్ అక్కర్లేదు.

నాకు బాగా నచ్చింది పేజీల రంగులు. స్కాన్ చేసిన పాత పుస్తకం పక్కనే టైపు చేసిన పాఠం ఉంటుంది. ఎవరూ దిద్దకపోతే ఎరుపు, ఒకరు దిద్దితే పసుపు, ఇంకొకరు సరిచూస్తే ఆకుపచ్చ. పైసా తీసుకోకుండా ఎవరో ఒక్కో అరసున్నా దగ్గర ఆగి సరిచేశారంటే మనసు నిండిపోతుంది. ఎరుపు పేజీలైతే పక్కనున్న స్కాన్ చూసుకుంటూ చదవాలి.

నిన్న నేనూ ఒక పేజీ దిద్దాను. పసుపు రంగులోకి మారగానే అమ్మకు చూపించాను.