న్యూజిలాండ్ గులాబీల ఆవిడతో విజయనగరం, శ్రీకాకుళం: మూడు రోజులు

విజయనగరంలో మొదటి రాత్రే రూము దగ్గర దెబ్బతిన్నాం. నెల ముందు ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి బుక్ చేసిన లాడ్జిలో, రాత్రి పదిన్నరకి మా అతిథి పాస్‌పోర్టు చూసి "ఫారినర్స్‌కి ఇవ్వం మేడం" అనేశారు. విదేశీయులెవరైనా దిగితే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో వివరాలు నింపాలి. అందరూ ఫారం-సి అంటారు దాన్ని. అది వాళ్ళకి అలవాటు లేదట. ఆ ముక్క బుకింగ్ అప్పుడే చెప్పొచ్చు కదా అంటే జవాబు లేదు. డబ్బు వెనక్కి రావడానికి పదకొండు రోజులు పట్టింది. స్టేషన్ వైపు ఇంకో హోటల్లో 2,400 రూపాయలకి రూము దొరికింది. వేణ్ణీళ్ళు పొద్దున్న ఏడు దాకానే, గోడలు పల్చన, పక్క రూములో టీవీ సీరియల్ మొత్తం మాకూ అర్థమైపోయింది. అయినా కౌంటర్లో కుర్రాడు ఆ ఫారం ఐదు నిమిషాల్లో నింపేశాడు. ఆ ఒక్క పనికే వాడికి పూర్తి మార్కులు. ఇంట్లో దించుకున్నా ఈ ఫారం తప్పదు. అందుకే నెల్లిమర్లలో పెద్దమ్మ ఇల్లుండగా హోటల్‌కి పోవాల్సి వచ్చింది. పెద్దమ్మ దానికి ఇప్పటికీ అలకే.

ఆ అతిథి న్యూజిలాండ్‌లో రిటైరైన టీచరు. ప్రపంచ గులాబీ సంఘాల సమాఖ్య ప్రాంతీయ సమావేశం 2014లో హైదరాబాద్‌లో జరిగినప్పుడు పరిచయమయ్యారు. 1968లో లండన్‌లో పుట్టిన ఈ సమాఖ్యలో నలభై దాకా దేశాల సంఘాలున్నాయి. మూడేళ్ళకోసారి ఏదో ఒక దేశంలో పెద్ద సమావేశం పెడతారు. మొదటిది 1971లో తమ దేశంలోనే జరిగిందని ఆవిడకి భలే గర్వం. హైదరాబాద్‌లో వేదిక మీద ఎవరేం మాట్లాడారో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. టీ బల్ల దగ్గర ఆవిడ "మీరు కొమ్మలు ఏ నెలలో కత్తిరిస్తారు?" అని అడగడం మాత్రం బాగా గుర్తుంది. మేం అక్టోబర్లో, వాళ్ళు జూలైలో. అక్కణ్ణించి మొదలైన మెయిళ్ళు ఇప్పటిదాకా ఆగలేదు.

ఈసారి వస్తానంటే ఊటీ అనుకున్నాను. అక్కడి గులాబీ తోటకి 2006లో ఈ సమాఖ్యే ఉత్తమ తోట అవార్డు ఇచ్చింది కూడా. ఆవిడ ఒప్పుకోలేదు. "చలి ఊళ్ళో గులాబీ పూయడం వింతేముంది? ఉక్కపోసే ఊళ్ళో ఎలా బతుకుతోందో చూపించు" అన్నారు. దానికి కారణం వీరరాఘవన్‌ గారు. ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసి, ఉద్యోగం వదిలేసి కొడైకెనాల్‌లో స్థిరపడి, మన దేశపు అడవి గులాబీలతో సంకరం చేసి వేడిని తట్టుకునే రకాలు తయారుచేసిన మనిషి. మన దగ్గర పనిచేసిన ఆఫీసరు గురించి న్యూజిలాండ్ ఆవిడ నాకు చెప్పడం కొంచెం సిగ్గుగానే అనిపించింది.

మొదటి రోజు ఊళ్ళోనే. కోట 1713 నాటిది, ఇప్పుడు లోపల కాలేజీలు. గంట చాలు. గంటస్తంభం దగ్గర పూలమ్మే ఆవిడ మమ్మల్ని కాసేపు చూసి "ఏటమ్మా, కొంటారా, ఫొటోలే తీస్తారా?" అంది. కొన్నాం.

సాయంత్రం ఊరి బయట నర్సరీకి వెళ్ళాం. మొక్కలు కడియం నుంచి, బెంగళూరు వైపు నుంచి వస్తాయట. నల్ల కవర్లో ఎర్రమట్టి ముద్ద, అంటు కట్టిన చోటు మట్టిలో కూరుకుపోయి ఉంది, సగం మొక్కల ఆకుల మీద నల్లమచ్చ. కుండీ 150. మీగడ రంగు పువ్వుకి అంచున ఎరుపు పాకిన మొక్క దగ్గర ఆవిడ ఆగి, వంగి, కళ్ళు మూసుకుని వాసన చూశారు. "డబుల్ డిలైట్!" సమాఖ్య 1985లో తన గౌరవ జాబితాలోకి ఎక్కించిన గులాబీ అది. నర్సరీ అబ్బాయి దాన్ని "డబుల్ కలర్" అన్నాడు. దాని పక్కది కూడా డబుల్ కలరే. దాని పక్కది బెంగళూరు రెడ్. మన దగ్గర గులాబీ పేరు అడిగితే ధర చెప్తారు.

పేర్ల గొడవ మనకే కాదులెండి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఫ్రాన్స్‌లో మెయాన్ అనే ఆయన ఒక పసుపు గులాబీ తయారుచేసి, అంటు కట్టుకోడానికి కొమ్మలు వేరే దేశాలకి పంపాడు. యుద్ధంతో ఉత్తరాలు ఆగిపోయాయి. ఎవరి పేరు వాళ్ళు పెట్టుకున్నారు. జర్మనీలో గ్లోరియా డెయి, ఇటలీలో జోయా, 1945లో అమెరికాలో పీస్. సమాఖ్య గౌరవ జాబితాలో మొదటి పువ్వు ఇదే, 1976లో. ఇప్పుడు కొత్త రకం ఏ దేశంలో పుట్టినా పేర్ల నమోదు అమెరికా గులాబీ సంఘం దగ్గరే. ఈ కథంతా ఆవిడ నర్సరీలో స్టూలు మీద కూర్చుని చెప్తుంటే అబ్బాయి శ్రద్ధగా విని, "పీస్ కూడా ఉంది మేడం, 180" అన్నాడు. అది పీస్ కాదు.

రెండో రోజు శ్రీకాకుళం. కారు రోజుకి 3,200, డ్రైవరు నెమ్మదస్తుడు. నాతవలస దగ్గర హైవే ఎక్కితే హాయిగా ఉంటుంది. అరసవల్లి ఆదివారం వద్దు, రథసప్తమి రోజుల్లో అసలే వద్దు. మేం బుధవారం వెళ్ళాం, అరగంటలో దర్శనమైంది. ఖద్దరు నేసే పొందూరులో మాత్రం మూడు గంటలు ఉండిపోయాం. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతుంటే ఆవిడ ఆ పళ్ళ వరసని వేలితో తడిమి తడిమి చూశారు. గులాబీలు కాసేపు మర్చిపోయారు. రైల్లో వచ్చేవాళ్ళకి ఒక మాట: శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఊళ్ళో లేదు, ఆమదాలవలసలో ఉంది. ఆటో ఖర్చు లెక్కలో వేసుకోండి.

మూడో రోజు నెల్లిమర్ల. పెద్దమ్మ పెరట్లో, నూతి పక్కన, భుజం ఎత్తున పన్నీరు గులాబి. అంటు కాదు, ఎప్పుడో గుచ్చిన కొమ్మ. ఆవిడ జేబులోంచి భూతద్దం తీసి ఆకు తిప్పి చూశారు, ఇంకోటి చూశారు, కింది కొమ్మలవీ చూశారు. ఒక్క నల్లమచ్చ లేదు. ఏ మందు కొడతారని అడగమన్నారు.

"మందేటి? గత్తం ఏస్తాను, బియ్యం కడుగు పోస్తాను. కొమ్మ ఇరిసి ఇమ్మంటావేటే ఆవిడికి?"

ఇవ్వకూడదని చెప్పడానికి పావుగంట పట్టింది. వాళ్ళ దేశంలో దిగేటప్పుడు చెప్పులకంటిన మట్టి కూడా చూపించాలి. కొమ్మకైతే అనుమతులు, తెగుళ్ళు లేవన్న సర్టిఫికెట్లు, ఆపైన క్వారంటైను. మనమూ అంతే, 2003 నుంచి దిగుమతి మొక్కలకి గట్టి రూల్సే ఉన్నాయి. "పువ్వు కొమ్మకి పాస్‌పోర్టేటి!" అని పెద్దమ్మ ఒకటే నవ్వు. ఆవిడ ముళ్ళూ రేకులూ లెక్కపెట్టి, ఫొటోలు తీసి, నోటుబుక్కులో బియ్యం కడుగు గురించి రెండు పేజీలు రాసుకున్నారు.

నేను ఆరు కొమ్మలు తడిగుడ్డలో చుట్టి హైదరాబాద్ తెచ్చుకున్నాను. మూడు ఎండిపోయాయి, రెండు చిగురించాయి, ఒకటి ఇంకా ఎటూ తేల్చలేదు. దాని ఫొటో పంపమని ఆవిడ ఇప్పటికి రెండుసార్లు మెయిల్ చేశారు.