లంబసింగి మంచులో పసుపు ఫాగ్ లైట్లు: కొన్నేళ్ల వాడకం తర్వాత

లైట్ల జతకు పెట్టిన దానికంటే వాటి వైరింగుకే నాకు ఎక్కువ ఖర్చయింది. ఇన్ని చలికాలాలు వాడాక చూస్తే గిట్టుబాటైంది ఆ ఖర్చే. లైట్లు మామూలువే: 55 వాట్ల హాలోజన్ బల్బులు, పసుపు అద్దాలు, బంపరు కింద ఉండే రకం. బండి పదేళ్లు దాటిన డీజిల్ బండి. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు పని మీద తిరగడం నాకు రివాజు. డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున లంబసింగి దాటాలంటే బానెట్ చివర కనబడటమే గొప్ప.

ముందు మంచులో వెలుగు సంగతి. పసుపు వెలుగు మంచును చీల్చుకుపోతుందని దుకాణాల్లో చెబుతారు. నమ్మకండి. మంచు బిందువులు కాంతి తరంగాల కంటే ఎన్నో రెట్లు పెద్దవి, వాటికి తెలుపూ పసుపూ దాదాపు ఒకటే. పసుపుతో కంటికి చిరాకు కాస్త తక్కువ, అంతవరకే. అసలు పని చేసేది రెండే: లైటు కిందుగా ఉండటం, వెలుగు పైకి లేవకుండా అడ్డంగా తెగి పరుచుకోవడం. హైబీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడ నిలబడుతుంది. డిమ్, దాని కింద ఫాగ్ వేస్తే రోడ్డు అంచున తెల్లగీత, మలుపులో రాతికట్టు కనబడతాయి. దూరం మాత్రం పెరగదు. పక్కలకు కనబడుతుంది, దగ్గర కనబడుతుంది. ఘాట్‌లో నాకు కావలసింది అదే. ఇవి తగిలించుకుని వేగం పెంచుదామనుకునేవాళ్లకు ఈ సరుకు పనికిరాదు.

ఇక వైరింగు. మా ఊరి ఆటో ఎలక్ట్రీషియన్ మొదట అన్న మాట, "రిలే ఎందుకండీ, హెడ్‌లైటు వైర్లోంచి లాగేద్దాం, పావుగంటలో ఐపోద్ది." ఐపోద్ది, నిజమే. (రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్చు.) కానీ లెక్క చూడండి. రెండు బల్బులు కలిపి 110 వాట్లు, అంటే తొమ్మిది ఆంపియర్ల దాకా కరెంటు. కంపెనీ వాళ్లు హెడ్‌లైటుకని వేసిన సన్నటి వైరు, స్టీరింగు పక్కనున్న స్విచ్చు ఆ అదనపు బరువు మోయడానికి పెట్టినవి కావు. స్విచ్చు లోపల కాంటాక్టులు కాలతాయి, లేదా వైరు వేడెక్కి తొడుగు కరుగుతుంది. ఇవేవీ జరగకపోయినా దారిలో వోల్టేజి పడిపోతుంది. హాలోజన్ బల్బుకు వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు 30 శాతం దాకా తగ్గుతుంది. దుకాణంలో ధగధగలాడిన లైటు బండికి బిగించాక దీపంలా ఎందుకుందని చాలామంది అడుగుతుంటారు. జవాబు ఇదే.

నేను వేయించిన పద్ధతి ఇది. బ్యాటరీ ప్లస్ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. బ్యాటరీకి జానెడు దూరంలోపే 15 ఆంపియర్ల ఫ్యూజు. ఫ్యూజు లైటు దగ్గర పెడితే అర్థం లేదు, మధ్యలో వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే దాన్ని ఆపేదేమీ ఉండదు. ఫ్యూజు నుంచి రిలే 30వ నంబరు కాలికి, 87వ కాలి నుంచి లైట్లకు. 86కి స్విచ్చు మీదుగా పార్కింగు లైటు వైరు, 85 ఎర్త్‌కు, అంటే బ్యాటరీ మైనస్ వైపుకు. రిలే కాయిల్ తాగేది చాలా తక్కువ కరెంటు కాబట్టి పార్కింగు లైటు వైరుకు బరువేమీ పడదు. పార్కింగు లైట్లు ఆపితే ఫాగ్ కూడా ఆరిపోతుంది, మరిచిపోయి బ్యాటరీ దించుకునే బెడద ఉండదు. రిలేను కాళ్లు కిందికి ఉండేలా బిగించాలి, నీళ్లు నిలవవు. వైరు మొత్తానికి ప్లాస్టిక్ గొట్టం తొడగాలి. వానల కోసమే కాదు, షెడ్డులో ఎలుకల కోసం కూడా.

ఎర్త్ విషయం విడిగా చెప్పాలి, ఈ ఏళ్లలో వచ్చిన తగువంతా దాంతోనే. మొదట ఎర్త్‌ను బంపరు బ్రాకెట్టుకు ఇచ్చాం. ఒక వర్షాకాలం గడిచేసరికి ఎడమ లైటు మినుకుమినుకుమంది. బల్బు బాగానే ఉంది, ఫ్యూజు బాగానే ఉంది. బోల్టు కింద తుప్పు. అప్పుడు రెండు లైట్ల ఎర్త్ వైర్లనూ బ్యాటరీ మైనస్‌కే తెప్పించి, థింబుల్స్‌కు, అంటే వైరు చివరి లోహపు కొసలకు, కొంచెం వాజిలిన్ పూయించాను. మళ్లీ ఆ మాట లేదు. విశాఖ ఉప్పుగాలిలో తిరిగే బండైతే మొదటి రోజే ఈ పని చేయించండి. చేయించాక మల్టీమీటరు పెట్టి బ్యాటరీ దగ్గర ఎంతుంది, లైటు దగ్గర ఎంతుంది చూడండి. లైట్లు వెలుగుతుండగా తేడా అర వోల్టు దాటకూడదు.

చట్టం సంగతి అడిగేవాళ్లే ఎక్కువ. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 111వ నియమం సూటిగా ఉంది: ప్రత్యేక పరిస్థితుల్లో, రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి ఉంటే తప్ప బండి ముందు స్పాట్ లైటు, సెర్చ్ లైటు ఉండకూడదు. వాడకూడదని కాదు, ఉండనే కూడదని. పైకప్పు మీద ఎల్ఈడీ బార్ పెట్టి, "కవరు వేశాం కదా" అంటే అక్కడ కుదరదు. బండిని మార్చడం మీద మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. 2019 సవరణతో వచ్చిన 182ఎ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకూ యజమానికి ఐదు వేలు జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. అందుకే నా ఓటు ఎప్పుడూ బండి కంపెనీ తన మోడల్‌కు ఐచ్ఛికంగా ఇచ్చే ఫాగ్ లైటుకే. బంపరులో దాని చోటు ముందే ఉంటుంది. కొత్త బళ్లలో కరెంటు వ్యవహారమంతా కంప్యూటరు చేతిలో ఉంటుంది కనుక వైరు కోసి జాయింటు వేస్తే వారంటీకీ చేటు. అలాంటి బండికి పైన నేను చెప్పిన వైరింగు వద్దు, షోరూము కిట్టే వేయించండి.

106వ నియమం నాకు భలే నచ్చింది, అది ఇంట్లో చేసుకోగల పరీక్ష. లైటుకు 8 మీటర్ల ముందు, బండి కుడి అంచుకు అర మీటరు పక్కగా, నేల నుంచి మీటరున్నర ఎత్తులో కళ్లున్న మనిషికి మిరుమిట్లు గొలపకూడదంటుంది. చదునైన చోట బండి నిలిపి, ఎనిమిది మీటర్ల దూరంలో గోడ మీద లైటు ఎత్తుకు ఒక సుద్దగీత గీశాను. వెలుగు పై అంచు ఆ గీతకు బెత్తెడు కిందకు వచ్చేలా స్క్రూ తిప్పించాను. వెనక సరుకో మనుషులో ఉన్నప్పుడు బండి ముక్కు పైకి లేస్తుంది కనుక సరుకు వేసే సర్దాలి. పాత లారీల హెడ్‌లైట్ల మీద నల్ల బొట్టు ఉండేది, ఎదుటివాడి కంటి మీద ఆపాటి దయ ఇప్పటి తెల్ల ఎల్ఈడీ జీపులకు లేదు.

మంచు లేనప్పుడు నేను వీటిని వేయను. పొడి రాత్రి రోడ్డు మీద ఇవి బండి ముందే మరీ వెలుగు పరిచి, కంటిని దూరం చూడనివ్వవు.

లోపాలూ ఉన్నాయి. పసుపు అద్దాలు రాళ్ల దెబ్బలకు మసకబారాయి. ఒక అద్దంలోకి చెమ్మ దిగుతుంది, బల్బు వేడికి కాసేపట్లో ఆరిపోతుంది. ఎల్ఈడీ అయితే అద్దం దగ్గర ఆ వేడి అంతగా ఉండదు. బల్బులు మార్చాలంటే కింద పడుకుని చేయి దూర్చాలి, ఆ చోటు పెట్టినవాడు ఎప్పుడూ బల్బు మార్చి ఉండడు.

ఘాట్ ఎక్కని, మంచు చూడని బండికి ఇవన్నీ దండగ. అదే రిలే, అదే మందం వైరు హెడ్‌లైట్లకే వేయించి, బల్బులు మాత్రం కంపెనీ ఇచ్చిన 60/55 వాట్లవే (హైబీమ్ 60, డిమ్ 55) ఉంచండి. ఖర్చు సగం కూడా కాదు, ఏ పోలీసూ ఆపడు.