స్నోమొబైల్‌కి కొత్త ట్రాక్: 1.25 లగ్గా, 1.6 లగ్గా, మేకులదా, ఏది మేలు?

మంచు మీద నడిచే నా స్నోమొబైల్‌ని పక్కకి ఒరగేసి, దాని కింద చుట్టూ తిరిగే రబ్బరు బెల్టుని, అదే ట్రాక్‌ని, చేత్తో తిప్పుతుంటే ఒకచోట టప్‌మని చప్పుడొచ్చింది. రబ్బరు లోపల అడ్డంగా ఫైబర్‌గ్లాస్ కడ్డీలు ఉంటాయి, వాటిలో ఒకటి మధ్యకి విరిగింది, వేలితో నొక్కితే ఆ చోట ట్రాక్ మెత్తగా లోపలికి పోతోంది. ఇంకో జానెడు తిప్పేసరికి రెండు లగ్‌లు, అంటే మంచుని పట్టుకోవడానికి ట్రాక్ మీద పొడుచుకొచ్చే రబ్బరు దిమ్మెలు, మొదలంటా ఊడిపోయి లోపలి దారప్పోగులు కనిపించాయి. లగ్ చివర కాస్త చిట్లితే ఇంకో సీజన్ లాగించొచ్చు, కడ్డీ విరిగి పోగులు బయటపడ్డాక మాత్రం ఆశ వదులుకోవాల్సిందే, ఎందుకంటే అది వేగంలో ఉండగా తెగితే టన్నెల్ (ట్రాక్‌ని పైనుంచి కప్పే లోహపు గూడు) లోపల ఇంజిన్‌ని చల్లబరిచే కూలర్‌ని కూడా చీల్చేయొచ్చు, ఆ తర్వాత అడవి మధ్యలో మీరూ మీ బండీ.

సరే, కొత్తది కొనాలి. ఏది మేలని అడిగితే ప్రతివాళ్లూ తాము తిరిగే మంచుని బట్టి చెబుతారు, కాబట్టి నాది ముందే చెప్పేస్తా. మాది అమెరికాలోని మిన్నెసోటా, డులూత్ దగ్గర. అక్కణ్నుంచి గ్రాండ్ మరే దాకా 146 మైళ్ల నార్త్ షోర్ ట్రెయిల్ ఉంది, నా తిరుగుడు ఎక్కువగా దాని మీదే. పదిసార్లు బయటికెళ్తే ఎనిమిదిసార్లు మిషన్‌తో చదును చేసిన గట్టి ట్రెయిల్, ఒకసారి గడ్డకట్టిన చెరువు, ఒకసారి మోకాలి లోతు కొత్త మంచు. ఆ ఒక్కసారే గుర్తుండిపోతుంది చూడండి, ట్రాక్ కొనేటప్పుడు బుర్రలో తిరిగేది కూడా అదే, తప్పులన్నీ అక్కడే మొదలవుతాయి. ఊళ్లో నాన్నకి ఫోన్‌లో చెబితే "వరికోత చైన్ మిషన్‌కి ఉండే రబ్బరు చైన్ లాంటిదేనా?" అన్నారు. దాదాపు అదే నాన్నా, కాకపోతే అది బురదలో నిదానంగా పాకుతుంది, దీనికి ఇక్కడి వేగ పరిమితే గంటకి 50 మైళ్లు.

లగ్ ఎత్తు గురించి ఆలోచించే ముందు టేపు పట్టుకోండి. నేను పట్టుకోలేదు. వెడల్పు, చుట్టుకొలత, లగ్ ఎత్తు, ఈ మూడూ అందరూ చూస్తారు, నాలుగోది పిచ్, అంటే ఒక కడ్డీ వరస నుంచి పక్క వరసకి ఉన్న దూరం, దాన్నే మర్చిపోతారు. నా పాతది 136 అంగుళాలది. ఆన్‌లైన్‌లో ఒకచోట 137ది తగ్గింపు ధరకి కనిపించింది, ఒక్క అంగుళమే కదా, వెనక టెన్షన్ బోల్టులు సర్దితే సరిపోతుందిలే అనుకుని తెప్పించా. ఆ ఒక్క అంగుళం వెనకున్న లెక్క తర్వాత తెలిసింది: నా 136లో ఉన్నవి 2.52 అంగుళాల దూరంలో 54 వరసలు, వచ్చిన 137లో 2.86 దూరంలో 48 వరసలు. ట్రాక్‌ని తిప్పే పళ్ల చక్రాలు, అంటే నా స్ప్రాకెట్లు, 2.52వి. మొదటి పన్ను కూర్చుంది, రెండోది తటపటాయించింది, మూడోది ఏకంగా ఇనుప క్లిప్ నెత్తినెక్కింది. అమ్మినవాళ్లు వెనక్కి తీసుకున్నారు గానీ రవాణా ఖర్చు నాదే అన్నారు, అంత బరువున్న పెట్టె వెనక్కి పంపడానికి తగ్గింపులో మిగిలిందంతా పోయింది. కాబట్టి పెట్టె మీద అంకెని నమ్మకండి, పాత ట్రాక్ మీద ఒక వరస నుంచి దాని తర్వాతి పదో వరస దాకా కొలవండి. 25.2 వస్తే 2.52 పిచ్, 28.6 వస్తే 2.86, 30 వస్తే 3.0. ఇది తేలాక మిగతాది ఇష్టాయిష్టాల విషయం.

ఇక అసలు పోటీ. ఒకవైపు 1.25 అంగుళాల లగ్, అంటే రిప్‌సా 2 లాంటివి. ఇంకోవైపు 1.6 లగ్, కోబ్రా లాంటివి. రెండూ కెనడాలోని క్యూబెక్‌లో పుట్టిన క్యామ్సో వాళ్లవే, బండి పోలారిస్ అయినా స్కీ-డూ అయినా కింద ఆ పేరు తరచూ కనిపిస్తుంది.

గట్టి ట్రెయిల్ మీద 1.25కి తిరుగులేదు. లగ్ పొట్టిగా ఉంటుంది కాబట్టి ఒంగదు, మలుపులో బండి వెనకభాగం ఎక్కడుందో నడుముకి తెలుస్తూ ఉంటుంది, బ్రేకు వేస్తే వేసినట్టు ఆగుతుంది. లోతు మంచులో మాత్రం తేలిపోతుంది, అంటే పైకి తేలడం కాదు, దాని సంగతి తేలిపోతుందని. గ్యాస్ ఇచ్చేకొద్దీ గుంత తవ్వుకుంటూ దిగుతుంది, అప్పుడు దిగి, బండి ముందు చక్రాల బదులు ఉండే స్కీలు పట్టుకు లాగడం తప్పదు.

1.6 అక్కడ గెలుస్తుంది. కొత్త మంచులోనే కాదు, శనివారం సాయంత్రం వందల బళ్లు వెళ్లి ట్రెయిల్ పంచదార పోసినట్టు అయిపోయినప్పుడు కూడా దాని పట్టు వేరు. స్నేహితుడి బండి నడిపి చూశా, బయల్దేరేటప్పుడు వీపు మీద చెయ్యేసి తోసినట్టు ఉంటుంది. కానీ గట్టి నేల మీద వేగం పెరిగేకొద్దీ ఆ పొడుగు లగ్ ఒంగుతుంది, ఒంగి లేస్తూ వేడెక్కుతుంది, అంచులు త్వరగా అరుగుతాయి, పై వేగం తగ్గుతుంది, పెట్రోలూ కాస్త ఎక్కువ తాగుతుంది. 2023-24 చలికాలం గుర్తుందిగా, మిన్నెసోటాలో రికార్డులోకెల్లా వెచ్చటిది, మంచే లేదు. అలాంటి ఏడాది గడ్డకట్టిన మట్టి మీద పొడుగు లగ్ వేసుకుని తిరిగితే రబ్బరుని ఆకురాయి మీద పట్టినట్టే.

ఇంకో చిక్కు, జాగా. పాత బండికి 1 అంగుళం లగ్ ఉండి దానికి 1.6 వేస్తే ముందు కూలర్‌కి తగులుతుందేమో చూసుకోవాలి. తగిలితే స్ప్రాకెట్‌కి ఒక పన్ను తగ్గించి, 9 పళ్లదాని బదులు 8 పళ్లది వేస్తారు. అప్పుడు బండి పదకొండు శాతం దాకా నెమ్మదిస్తుంది, దాన్ని సరిచేయడానికి చైన్‌కేస్‌లో, అంటే ట్రాక్‌కి శక్తినందించే చైన్, గేర్లు ఉండే పెట్టెలో, గేర్లు మార్చాలి. రబ్బరు ముక్కతో మొదలై గేర్లదాకా పోతుంది వ్యవహారం. 2 అంగుళాలు దాటిన పర్వతాల ట్రాక్‌ల మాట ఇక ఎత్తనే అక్కర్లేదు, మా చుట్టుపక్కల అంత కొండలెక్కడివి?

ఎత్తు తేలిపోయింది, 1.25. అప్పుడు ఇంకో ప్రశ్న: మేకులు కావాలా?

చెరువు మీద, ట్రెయిల్‌లో నీడపడే మలుపుల దగ్గర అద్దంలాంటి ఐసు ఉంటుంది, అక్కడ ఉత్త రబ్బరు బ్రేకు వేస్తే బండి వినయంగా జారుకుంటూ పోతుంది. మామూలు ట్రాక్‌కి రంధ్రాలు చేసి 96 మేకులు బిగిస్తే పట్టు మహత్తరంగా ఉంటుంది, ఐసు మీద ఆగడానికి దాన్ని మించింది లేదు. కానీ బరువు పెరుగుతుంది, మేకులు టన్నెల్‌ని కోయకుండా లోపల రక్షణ పట్టీలు వేయాలి, పలచటి ఒంటిపొర ట్రాక్‌లకి ఇవి సరిపడవు, పైగా మిన్నెసోటాలో తారు వేసిన ప్రభుత్వ ట్రెయిల్స్ మీద లోహపు మేకులున్న బండి నడపకూడదు. అదీగాక వెనక పట్టు పెరిగితే ముందు స్కీలు తిరగనంటాయి, వాటికింద కార్బైడ్ పట్టీలు కూడా మార్చాలి.

మధ్యేమార్గం ఫ్యాక్టరీలోనే లగ్‌ల చివర చిన్న మేకులు పొదిగి వచ్చేవి, ఐస్ రిప్పర్ ఎక్స్‌టీ లాంటివి. మొనలు కొంచెమే బయటికి ఉంటాయి, రంధ్రాల పని లేదు. పెద్ద మేకుల పట్టు రాదు, అది ఒప్పుకోవాలి. లగ్ అరిగితే వాటితోపాటే పోతాయి. ఇవీ లోహమే కాబట్టి తారు ట్రెయిల్ నిబంధన వీటికీ ఉంది. వారం వారం చెరువు దాటి చేపలకి వెళ్లేవాళ్లయితే బిగించిన మేకులే పెట్టుకోండి, మొహమాటం వద్దు. నాలా నీడ మలుపుల దగ్గర, అప్పుడప్పుడూ చెరువు మీద జారకుండా ఉంటే చాలనుకునేవాళ్లకి పొదిగినవే మేలు. నేను అదే కొన్నా. తారు దారుల వైపు నేను పోను, కాబట్టి ఆ బెంగా లేదు.

సెకండ్ హ్యాండ్ సంగతి చూశా. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. నా పాతదాన్ని ఎవరూ ముట్టుకోరు, పక్క ఊళ్లో సగం అరిగినదానికి కొత్తదాని ధరలో సగం అడిగారు. లోపలి కడ్డీలు పైకి కనపడవు, నాలుగు చోట్ల వంచి చూడనివ్వకపోతే వదిలేయండి.

బిగించడానికి నాకూ స్నేహితుడికీ ఒక ఆదివారం మధ్యాహ్నమంతా పట్టింది. సస్పెన్షన్ దింపడం తేలికే, చైన్‌కేస్ విప్పి డ్రైవ్ షాఫ్ట్ లాగడమే పని. ఎలాగూ విప్పారు కాబట్టి సస్పెన్షన్ పట్టాల కింద ట్రాక్ జారే ప్లాస్టిక్ పట్టీలు (హైఫాక్స్), షాఫ్ట్ బేరింగులు కూడా అప్పుడే మార్చేయండి. ట్రాక్ మీద తిరిగే దిశకి బాణం గుర్తు ఉంటే అది చూశాకే ఎక్కించండి, మావాడు తిరగేసి ఎక్కించబోయాడు, టీ తాగుదామని ఆగబట్టి బతికిపోయాం. కొత్త రబ్బరు సాగుతుంది, మొదటి రెండు ట్రిప్పుల తర్వాత మాన్యువల్‌లో చెప్పిన బరువు వేలాడదీసి టెన్షన్ మళ్లీ చూసుకోవాలి. నాది రెండోసారికే వదులైంది.

పాత ట్రాక్‌ని కోసి గరాజ్ గుమ్మం ముందు పరిచా, ఐసు మీద కాలు జారకుండా. విరిగిన కడ్డీ మీద కాలు పడ్డప్పుడల్లా ఇప్పటికీ టప్‌మంటుంది.