పాత షాలిమార్ సెంటు: మొదటి పది నిమిషాలు ఓర్చుకోగలిగితేనే

ఫ్రెంచ్ సెంట్ల కంపెనీ గెర్లాన్ వాళ్ల షాలిమార్ ఇప్పటికీ మాల్స్‌లో దొరుకుతుంది, కానీ ఈ రివ్యూ దాని గురించి కాదు, 1980లలో అమ్మిన పాత సీసా గురించి. పాత సెంట్లు వెతికి కొనే పిచ్చి నాకుందని తెలుసు కాబట్టి న్యూజెర్సీలో ఉండే మా వదిన అక్కడ ఒక ఎస్టేట్ సేల్‌లో (ఇంట్లో పాత సామాన్లన్నీ అమ్మేసే చోట) ఇది చూసి, ఫోటో పెట్టి, తీసుకోనా అని అడిగింది. ముప్పై డాలర్లు. ఆ ధరకి ఇక ఆలోచించేదేముంది, తీసేసుకోమన్నాను. ఇండియా వచ్చినప్పుడు సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి తెచ్చింది.

బంగారు రంగు రేకు తొడుగులో ఉండే స్ప్రే ఇది, లోపలి సీసా అయిపోతే మార్చుకునే రకం. ఫోటోల్లో అందరూ చూపించే నీలం మూత సీసా కాదు. అది 1925లో పారిస్ ఎగ్జిబిషన్‌కి రేమండ్ గెర్లాన్ గీస్తే బకారా అనే గాజు కంపెనీ వాళ్లు తయారుచేసిన డిజైన్, అందం నిజంగానే ఉంది గానీ మనం ఇచ్చే డబ్బుల్లో చాలా భాగం ఆ గాజుకే పోతుంది. వాసన కోసం కొనేవాళ్లకి స్ప్రేనే మేలు, ఎందుకంటే మూత తీసి ఒంపుకునే సీసాలోకి తీసినప్పుడల్లా గాలి దూరుతుంది. దీని మీద పార్ఫ్యాం ద ట్వాలెట్ అని ఉంది, కలెక్టర్లు పీడీటీ అంటారు, ఆ పేరు కనిపిస్తే సాధారణంగా 1980ల సరుకు కిందే లెక్క. ఇంకో గుర్తు కూడా చెప్తాను: పెట్టె మీద లినలూల్, లిమొనీన్ అంటూ చిన్న అక్షరాల పట్టిక ఉంటే మాత్రం, అమ్మేవాడు వింటేజ్ అని ఎంత ఒట్టేసినా నమ్మకండి, యూరప్‌లో అలర్జీ పదార్థాలు రాయాలన్న రూల్ 2005లో అమల్లోకి వచ్చింది.

ఇక వాసన. కొట్టగానే వచ్చేది నెయిల్ పాలిష్ రిమూవర్. అబద్ధం చెప్పను, ఘాటుగా, ముక్కు పక్కకి తిప్పుకునేలా ఉంటుంది. షాలిమార్ ఫార్ములాలో దాదాపు మూడో వంతు బెర్గమాట్ నూనె అని చెప్తారు, ఎర్ల్ గ్రే టీలో వచ్చే నిమ్మజాతి వాసన అదే. నిమ్మ, నారింజ బాపతు నూనెలు వేడికీ గాలికీ ముందుగా పాడయ్యేవి కాబట్టి నలభై ఏళ్ల సీసాలో మొదట చెడేది ఆ భాగమే. పాత సెంటు కొని, మూత తీసి, ఛీ పాడైపోయింది అని పారేసేవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. చేతి మీద కొట్టుకుని ఓ పది నిమిషాలు ఇంకేదైనా పని చూసుకోండి.

ఆ తర్వాత మొదలవుతుంది అసలు సంగతి. ముందు ఐరిస్ దుంప పొడి వాసన, పాతకాలం పౌడర్ డబ్బా తెరిచినట్టు. దాని వెనకే పొగ, తోలు, సాంబ్రాణికి దగ్గరగా ఉండే ఒపోపొనాక్స్ బంక, వీటన్నిటి మీదా వెనీలా. వెనీలా అంటే ఐస్‌క్రీమ్ అనుకోకండి, ఇందులో తీపి తక్కువ, కాస్త మాడిన అంచు ఉంటుంది. 1889లో వచ్చిన జికీ అనే తమ సొంత సెంటులోనే జాక్ గెర్లాన్ ఇథైల్ వెనిలిన్ పోసి చూస్తే షాలిమార్ పుట్టిందని కథ. మామూలు వెనిలిన్ కంటే అది రెండు మూడు రెట్లు ఘాటు, ఈ సెంటు చున్నీకి పట్టుకుంటే రెండో రోజు కూడా ఎందుకు వదలదో దాన్నిబట్టి అర్థమవుతుంది.

నాకు బాగా నచ్చింది మాత్రం అన్నిటికంటే అడుగున ఉండే జంతువు వాసన. పునుగు. ఈ మాట వినగానే విదేశీ రివ్యూలలో మొహం చిట్లిస్తారు గానీ మనకి పునుగు కొత్తా? తిరుమలలో శుక్రవారం అభిషేకం అయ్యాక మూలవిరాట్టుకి పూసేది పునుగు తైలమే. విడిగా వాసన చూస్తే భరించలేం, ఒక చుక్క కలిస్తే మిగతా వాసనలన్నీ ఒంటి వెచ్చదనం పట్టుకున్నట్టు అయిపోతాయి. ఇప్పటి సెంట్లలో దీని బదులు ల్యాబ్‌లో చేసిన పదార్థాలు వాడుతున్నారు, జంతువుల కోణంలో చూస్తే అదే న్యాయం, నేను కాదనను. అయినా ఒక చేతి మీద పాతది, ఇంకో చేతి మీద కొత్త ఈడీపీ (ఓ ద పార్ఫ్యాం, ఇప్పుడు అమ్మే రకం) కొట్టి సాయంత్రం దాకా వాసన చూస్తూ ఉంటే, కొత్తది శుభ్రంగా, చురుగ్గా, నిమ్మ బాగా తెలిసేలా ఉంది, పొగ తగ్గింది. ఆరు గంటల తర్వాత కొత్తదాంట్లో మంచి వెనీలా మిగిలింది. పాతదాంట్లో తోలు, పొగ ఇంకా అలాగే ఉన్నాయి.

షాలిమార్ తోటల్లో షాజహాన్, ముంతాజ్ ప్రేమకథే ఈ పేరుకి మూలమని కంపెనీ చెప్పేదాన్ని మాత్రం పెద్దగా పట్టించుకోకండి. ముంతాజ్ 1631లో పోయింది, లాహోర్‌లో షాలిమార్ తోట పని మొదలైంది 1641లో, శ్రీనగర్‌లోదేమో జహంగీర్ వేయించింది. సీసాలోది బాగుంటే చాలు, తోటతో మనకేం పని.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. లోపలి ద్రవం ముదిరి డికాక్షన్ రంగుకి వచ్చేసింది, తెల్ల కాటన్ మీద పడితే పసుపు మరక ఖాయం, నా దుపట్టా అంచు మీద ఇప్పటికీ ఉంది. పాత బెర్గమాట్ నూనెలో బెర్గాప్టెన్ అనే పదార్థం ఉండొచ్చు, అది ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కమిలి నల్ల మచ్చలు పడతాయి (ఇప్పుడు దాన్ని తీసేసిన నూనె వాడతారు), అందుకే ఇది సాయంత్రాలకే. హైదరాబాద్ ఎండాకాలంలో డ్రెస్సింగ్ టేబుల్ మీద పెడితే మిగిలింది కూడా పోతుంది. నేను పెట్టెతో సహా ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెడతాను, ఇంట్లో వాళ్ల సణుగుడు వేరే విషయం.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకి ఒక మాట. ఇంతకుముందు ఒక సైట్‌లో ఇదే షాలిమార్ కొలోన్, పాత సీసా అని చెప్పి ఒకరు పంపింది సగం స్పిరిట్ వాసనే, ఎవరో తిరిగి నింపినట్టు మూత చుట్టూ గీతలు కూడా ఉన్నాయి, మెసేజ్ పెడితే జవాబు లేదు. డబ్బు పంపే ముందు సీసాని వెలుతురుకి అడ్డంగా పట్టి తీసిన ఫోటో, ద్రవం ఎంతవరకు ఉందో, అడుగున కోడ్ ఏముందో అడగండి, చూపించడానికి నసిగితే వదిలేయండి. పలచటి రకమైన కొలోన్ కంటే పీడీటీ గానీ, అన్నిటికంటే చిక్కటి ఎక్స్‌ట్రే గానీ చూసుకోండి, వాటిలో అడుగు వాసనల పాలు ఎక్కువ కాబట్టి పైది పోయినా మిగిలేది ఉంటుంది.

ముప్పై డాలర్లకి నా దృష్టిలో అయిదుకి నాలుగున్నర. రెండు వందలు అడిగితే కొననే కొనను, ఎవరైనా కలెక్టర్ దగ్గర రెండు ఎంఎల్ డికాంట్ (పెద్ద సీసాలోంచి చిన్న సీసాలోకి ఒంపి ఇచ్చేది) తీసుకుంటే సరిపోతుంది. ఎప్పుడూ షాలిమార్ వాడనివాళ్లు కొత్త ఈడీపీతోనే మొదలుపెట్టండి. మా అమ్మకి కూడా కొత్తదే కొనిస్తాను, పాతది ఇస్తే ఆ మొదటి పది నిమిషాల్లోనే తీసుకెళ్లి ఫినాయిల్ సీసా పక్కన పెట్టేస్తుంది.