మూడు జబ్బులూ మూడు వరుసల్లో దొరికాయి: హెచ్‌డబ్ల్యూఇన్ఫో రివ్యూ

కంప్యూటర్ వేడెక్కిపోతోంది, ఫ్యాన్ హోరు ఆగడం లేదు, ఒక్కోసారి ఆన్ చేస్తే విండోస్ దాకా రావడం లేదు. ఈ మూడూ ఒకే డెస్క్‌టాప్‌లో, దాదాపు రెండు నెలల పాటు. రిపేరుకి ఇచ్చి తెచ్చుకున్నాక తగ్గకపోగా ఇంకాస్త పెరిగాయి. చివరికి అసలు సంగతి తేలింది హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంతో. ఇది ఇన్‌స్టాల్ చేసినవాళ్ళలో చాలామంది ప్రాసెసర్ ఉష్ణోగ్రత అనే ఒక్క అంకె చూసి మూసేస్తారు. నేనూ మొదట్లో అంతే చేశాను. కానీ నాకు కావలసిన జవాబులన్నీ మిగతా వరుసల్లో ఉన్నాయి, అందుకే కాస్త పొడుగైనా వివరంగా రాస్తున్నాను.

ముందు నా సిస్టం సంగతి. ఎనిమిదేళ్ళ పాతది, 65 వాట్ల ప్రాసెసర్, దాని మీద డబ్బాలోనే వచ్చిన చిన్న కూలర్, నాలుగు ప్లాస్టిక్ కాళ్ళని మదర్‌బోర్డు రంధ్రాల్లోకి నొక్కి బిగించే రకం. మొదట్లో ఉన్నది వేడి, చప్పుడు, ఒకటి రెండుసార్లు విండోస్ దాకా రాకుండా ఆగిపోవడం, అంతే. రిపేరు చేసినతను ఫ్యాన్ అరిగిపోయిందని కూలర్ మొత్తం మార్చి, విండోస్ మళ్ళీ ఎక్కించి ఇచ్చాడు. ఇంటికొచ్చాక చూస్తే కొత్త ఫ్యాన్ పాతదానికంటే గట్టిగా అరుస్తోంది, పైగా ఆన్ చేసిన ప్రతిసారీ నల్లటి తెర మీద ‘సీపీయూ ఫ్యాన్ ఎర్రర్, ఎఫ్1 నొక్కండి’ అని వచ్చి అక్కడే ఆగిపోతోంది. అడిగితే పాత బోర్డు కదా, ఎఫ్1 నొక్కేసి వాడుకోండి, ఎక్కువ రోజులు రాదు, బోర్డు మార్చడమే మేలు అన్నాడు. నమ్మి కొత్త బోర్డు కోసం వెతకడం కూడా మొదలుపెట్టాను.

హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ఇన్‌స్టాల్ అక్కర్లేని పోర్టబుల్ రకం ఉంది, జిప్ విప్పి నేరుగా నడపొచ్చు, సొంత వాడకానికి పూర్తిగా ఉచితం. తెరవగానే వచ్చే చిన్న కిటికీలో ‘సెన్సర్స్ ఓన్లీ’ అన్న దగ్గర టిక్ పెట్టండి, లేకపోతే మనకి అక్కర్లేని హార్డ్‌వేర్ వివరాలన్నీ ముందు వచ్చిపడతాయి. తర్వాత కనిపించేది పొడుగాటి పట్టిక. ప్రతి వరుసకీ నాలుగు అంకెలు: ఇప్పుడు ఎంత, అన్నిటికంటే తక్కువ ఎంత, ఎక్కువ ఎంత, సగటు ఎంత. మొదటిసారి చూస్తే బెదురు పుడుతుంది, వంద వరుసల పైనే ఉంటాయి. కానీ ఆ తక్కువ, ఎక్కువ గడులే ఈ ప్రోగ్రాంకి ప్రాణం. విండోస్ టాస్క్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ కార్డు ఉష్ణోగ్రత కనిపిస్తుంది గానీ ప్రాసెసర్‌ది కనిపించదు, కనిపించేది కూడా ఆ క్షణానికి ఉన్నది మాత్రమే. ఇక్కడ మీరు వేరే పనిలో ఉండగా జరిగింది కూడా రికార్డయి ఉంటుంది.

వేడి సంగతి చూద్దామని ప్రాసెసర్ ఉష్ణోగ్రత వరుస మీద డబుల్ క్లిక్ చేశాను, గ్రాఫ్ తెరుచుకుంటుంది. ఏ పనీ లేనప్పుడు 58 డిగ్రీలు. సెవెన్‌జిప్‌లో ఉండే బెంచ్‌మార్క్, అంటే ప్రాసెసర్‌కి పూర్తిగా పని పెట్టే పరీక్ష, నడిపితే మూడు సెకన్లలో 100. ఆపిన వెంటనే అంతే వేగంగా 60కి దిగిపోయింది. గ్రాఫ్ గోడ కట్టినట్టు నిటారుగా లేచింది.

ఈ గ్రాఫ్ ఆకారమే నాకు దారి చూపించింది, అందుకే ఇక్కడ కొంచెం ఆగుతాను. కేసులో దుమ్ము పేరుకుపోయినా, గాలి ఆడకపోయినా వేడి నిదానంగా ఎక్కుతుంది. కూలర్ లోహం వేడెక్కాలి, తర్వాత కేసులోని గాలి వేడెక్కాలి, దానికి చాలా నిమిషాలు పడుతుంది, కాబట్టి గ్రాఫ్ వాలుగా పైకి పోతుంది. అలా కాకుండా పని మొదలైన రెండు మూడు సెకన్లకే పైకప్పుకి తగిలిందంటే, ప్రాసెసర్‌లో పుట్టిన వేడి కూలర్‌లోకి సరిగా వెళ్ళడమే లేదన్నమాట. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య వేడి దాటడానికి రాసే పేస్టు ఎండిపోయి ఉండాలి, లేదా కూలర్ ఒక పక్క ఆనక ఎత్తుగా ఉండాలి. ఇలాంటప్పుడు ఎన్ని కేసు ఫ్యాన్లు కొని తగిలించినా డిగ్రీ తగ్గదు. ‘వేడెక్కుతోంది’ అన్న ఒక్క మాట వెనక ఇలా రెండు వేర్వేరు జబ్బులుంటాయి, మందులు కూడా వేరే.

దాని కిందే థర్మల్ థ్రాట్లింగ్ అనే వరుసలో ‘యెస్’ అని ఎర్రగా కనిపించింది. ప్రాసెసర్ తన హద్దు తాకగానే తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, అదే థ్రాట్లింగ్. ఆ పక్కనే ప్యాకేజ్ పవర్, అంటే ప్రాసెసర్ లాగే కరెంటు, వరుస చూస్తే 65 వాట్లు లాగాల్సినది 40 దగ్గర కొట్టుకుంటోంది. సిస్టం మందకొడిగా అయిందని విండోస్ మళ్ళీ ఎక్కించారే, ఆ మందకొడితనానికి విండోస్‌తో సంబంధమే లేదు. ఒక జాగ్రత్త ఏమిటంటే, అంకె పెద్దగా ఉందని ప్రతివాళ్ళూ టెన్షన్ పడక్కర్లేదు. 2022లో వచ్చిన రైజెన్ 7000 ప్రాసెసర్లలో చాలావాటిని పూర్తి పని బరువు మీద 95 డిగ్రీల దాకా వెళ్ళేలాగే తయారుచేశారు. మీ ప్రాసెసర్ హద్దు ఎంతో తయారీదారు పేజీలో చూసుకుని అప్పుడు పోల్చుకోండి.

కేసు తెరిచి చూస్తే అనుకున్నట్టే ఉంది. నాలుగు కాళ్ళలో ఒకటి బిగుసుకోలేదు, వేలితో కదిపితే కూలర్ ఆ మూల ఊగుతోంది. ఈ రకం కాళ్ళ తల మీద బాణం గుర్తు ఉంటుంది, ఆ బాణం వైపు తిప్పితే వదులవుతుంది. బిగించేముందు దాన్ని వెనక్కి తిప్పిపెట్టి నొక్కాలి, అది మర్చిపోతే పైకి పట్టినట్టే కనిపిస్తుంది కానీ పట్టదు. ఊడదీసి, పాత పేస్టు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, చిన్న బఠాణీ గింజంత కొత్త పేస్టు మధ్యలో పెట్టి, ఎదురెదురు మూలల కాళ్ళు ఒక జత, తర్వాత రెండో జత నొక్కాను. ప్రతిదీ టక్కుమని చప్పుడు రావాలి, వీలుంటే బోర్డు వెనక నుంచి నాలుగు కాళ్ళూ పూర్తిగా బయటికి వచ్చాయో లేదో చూసుకోవాలి. మళ్ళీ అదే బెంచ్‌మార్క్: ఖాళీగా 38, పూర్తి బరువు మీద పావుగంట తర్వాత 71. థ్రాట్లింగ్ వరుసలో ‘నో’.

వేడి తగ్గింది, హోరు మాత్రం తగ్గలేదు. దీనికి జవాబు ఫ్యాన్ల వరుసల్లో ఉంది. సీపీయూ అని రాసి ఉన్న వరుసలో సున్నా. ఛాసిస్, అంటే కేసు, అని ఉన్న వరుసలో నిమిషానికి 2,100 చుట్లు. అంటే ప్రాసెసర్ ఫ్యాన్ తీగని కేసు ఫ్యాన్ సాకెట్‌లో గుచ్చారు! పైగా ఆ వరుసలో తక్కువ, ఎక్కువ గడులు రెండూ దాదాపు ఒకటే చూపిస్తున్నాయి, ఖాళీగా ఉన్నా పనిలో ఉన్నా అదే వేగం. ఫ్యాన్‌కి నాలుగు తీగలున్నాయి, నాలుగోది వేగాన్ని పెంచి తగ్గించే సంకేతం కోసం. నా బోర్డులో ఆ కేసు సాకెట్‌కి మూడే పిన్నులు, అది వేగం తగ్గించే రకం కూడా కాదు. సంకేతం అందని ఫ్యాన్ ఎప్పుడూ పూర్తి వేగంతో తిరుగుతుంది. ఎఫ్1 గొడవ కూడా దీనిదే, బోర్డు లేవగానే సీపీయూ ఫ్యాన్ సాకెట్‌లో చుట్లు వస్తున్నాయా అని చూస్తుంది, సున్నా కనిపిస్తే ప్రాసెసర్ కాలిపోకుండా అక్కడే ఆపుతుంది. బోర్డు తన పని తను సరిగ్గా చేస్తుంటే దాన్నే మార్చమన్నారు, ఈ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. తీగ సరైన సాకెట్‌లో పెట్టాను, చేసింది అంతే. ఇప్పుడు తక్కువ గడిలో 900, ఎక్కువ గడిలో 1,800. ఎఫ్1 తెర మళ్ళీ రాలేదు.

మీ ఫ్యాన్ అస్తమానం పెరిగి తగ్గుతూ చికాకు పెడుతుంటే అది వేరే సంగతి. ఉష్ణోగ్రత క్షణక్షణం ఎగిరిపడుతుంటే ఫ్యాన్ దాని వెనకే పరిగెడుతుంది. విండోస్ కంటే ముందు లేచే బోర్డు సొంత ప్రోగ్రాం బయోస్‌లో, ఏ వేడికి ఎంత వేగమో చెప్పే ఫ్యాన్ కర్వ్ దగ్గర స్పందించే ఆలస్యం కొన్ని సెకన్లు పెంచితే సద్దుమణుగుతుంది. కరకరమని గరుకు చప్పుడు వస్తే బేరింగ్ అరిగినట్టు, అప్పుడు మాత్రం ఫ్యాన్ మార్చాల్సిందే. దుమ్ము ఊదేటప్పుడు రెక్కల్ని వేలితో ఆపి ఊదండి, గాలికి విపరీతంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది. పవర్ సప్లై డబ్బా మాత్రం విప్పొద్దు, ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజ్ మిగిలి ఉంటుంది.

మూడో జబ్బు, విండోస్ దాకా రాకపోవడం. ఇది రోజూ వచ్చేది కాదు, ప్లగ్ తీసి పెట్టి మళ్ళీ పెట్టిన రోజుల్లోనే వచ్చేది. బూట్ డివైస్, అంటే విండోస్ ఉన్న డిస్క్, దొరకలేదని ఒక వాక్యం, అంతే. హార్డ్ డిస్క్ పోతోందేమోనని రెండు రాత్రులు కూర్చుని ఫోటోలన్నీ బ్యాకప్ తీసుకున్నాను. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్ వరుసలు కూడా ఉన్నాయి, అక్కడ ఏ హెచ్చరికా లేదు. మదర్‌బోర్డు వోల్టేజీల దగ్గర వీబ్యాట్ అనే వరుస కనిపించింది, 2.3 వోల్టులు. బోర్డు మీద గుండ్రంగా నాణెం లాంటి బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032, అది 3 వోల్టుల బ్యాటరీ. అది నీరసించిపోతే ప్లగ్ తీసినప్పుడల్లా బయోస్ తన సెట్టింగులూ తేదీ అన్నీ మర్చిపోతుంది. నా సిస్టంలో డేటా కోసం పెట్టిన రెండో డిస్క్ ఉంది, సెట్టింగులు పోగానే బోర్డు ముందు దాన్ని తెరవాలని చూస్తోంది, అందులో విండోస్ ఎక్కడిది? ప్లగ్ తీసి బ్యాటరీ మార్చి, తేదీ, ఏ డిస్క్ ముందు తెరవాలన్న బూట్ క్రమం సరిచేశాను. ఇప్పుడు 3.1 చూపిస్తోంది. ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంటే మీరు కూడా ముందు ఈ వీబ్యాట్ వరుసే చూడండి.

ఇక లోపాలు. తెర మీదకి ఏమీ రాని సిస్టంకి ఇది ఏ సాయమూ చేయలేదు, ఎందుకంటే విండోస్ లేస్తేనే ఇది నడుస్తుంది. అలాంటప్పుడు బోర్డు మీద ఉండే చిన్న దీపాలే ఆధారం, చాలా కొత్త బోర్డుల్లో ప్రాసెసర్, మెమరీ, గ్రాఫిక్స్, బూట్ అని నాలుగు ఉంటాయి, ఏది ఆగి వెలుగుతోందో అక్కడ వెతకాలి. మెమరీ దగ్గర ఆగితే ర్యామ్ తీసి మళ్ళీ గట్టిగా గుచ్చడం, ఒక్కొక్కటే పెట్టి చూడటం మొదటి పని. డీడీఆర్5 అనే కొత్త రకం ర్యామ్ ఉన్నవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: కొత్త ర్యామ్ పెట్టిన తర్వాత మొదటిసారి కొన్ని నిమిషాలు నల్లటి తెరే ఉండొచ్చు, కంగారుపడి ఆపేయొద్దు.

ఇంకో పెద్ద ఇబ్బంది తప్పుడు అంకెలు. మదర్‌బోర్డు చిప్‌లో ఏ సెన్సరూ తగిలించని ఖాళీ ఇన్‌పుట్లు కొన్ని ఉంటాయి, వాటిని కూడా ఇది చదివి ఏదో ఒక అంకె వేస్తుంది. నాకు ఒక వరుసలో ఎప్పుడూ 127 డిగ్రీలు. నిజంగా అంత వేడి ఉంటే పక్కనున్నవి కూడా మారాలి కదా, ఇది ఏం చేసినా కదలదు, అలాంటిదాన్ని రైట్ క్లిక్ చేసి దాచేయడమే. కొత్తవాళ్ళు దీన్ని చూసి హడలిపోతారు, ప్రోగ్రాం ఎక్కడా హెచ్చరించదు, ఇది నాకు నచ్చలేదు. చాలా ల్యాప్‌టాప్‌లలో ఫ్యాన్ వేగం అసలు కనిపించదు. ఇలాంటి ప్రోగ్రాంలు రెండు మూడు ఒకేసారి నడిపితే అంకెలు అడ్డదిడ్డంగా వస్తాయి, లైట్ల రంగులు మార్చే సాఫ్ట్‌వేర్ కూడా అదే సెన్సర్లతో మాట్లాడుతుంది కాబట్టి కొలిచేటప్పుడు దాన్ని మూసేయండి.

ఇంత చెప్పినా ఐదుకి నాలుగున్నర ఇస్తాను. తగ్గించిన ఆ సగం 127 డిగ్రీల వరుసకి. రిపేరుకి ఇచ్చే ముందు పది నిమిషాలు దీన్ని నడిపి, కింద ఉండే బటన్‌తో లాగ్ ఫైల్ తీసి పెట్టుకోండి, తిరిగి వచ్చాక మళ్ళీ ఒకటి తీయండి. అదొక మామూలు సీఎస్‌వీ ఫైలు, ఎక్సెల్‌లో తెరుచుకుంటుంది. నేను బాగుచేసిన రోజు తీసిన ఫైలుని తేదీ పేరు పెట్టి దాచాను, ఈమధ్య మళ్ళీ కొలిస్తే పూర్తి బరువు మీద 73 వచ్చింది, రెండు డిగ్రీలు ఎక్కువ, కేసు ముందున్న జాలీ తీసి దులిపాను, మళ్ళీ 71.