మడా, సరుగుడా, కొండ అడవా: కార్బన్ దాచడంలో ఏది మేలు?

కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవిని చూసొచ్చినవాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు: గాలిలోని కార్బన్‌ను పట్టి దాచడంలో, ఉప్పునీటి బురదలో పెరిగే ఈ మడ అడవి గొప్పదా, పాపికొండల అడవి గొప్పదా? తీరం వెంబడి ఉన్న సరుగుడు తోటలు చాలవా?

ఎంత ఆకు రాలుతుందో చూసి ఇది తేల్చలేం. బాగా ఎదిగిన మడ అడవిలోనూ, మంచి కొండ అడవిలోనూ ఏడాదికి హెక్టారుకు పది టన్నుల దాకా రాలొచ్చు. టేకు, మద్ది ఎండలు ముదిరేలోపు ఆకంతా దులిపేస్తాయి. మడ ఏడాది పొడవునా రాలుస్తూనే ఉంటుంది.

నా దృష్టిలో అసలు సంగతి, రాలిన ఆకు ఎక్కడ పడిందన్నదే. కొండ మీద పడింది వానలు రాగానే చెదలకు, బూజుకు మేత. వేసవిలో నిప్పంటుకుంటే ఒక్క పూటలో పొగ. కొంత మట్టిలో కలిసినా, ఎక్కువ భాగం తిరిగి గాలిలోకే పోతుంది. అక్కడ కార్బన్‌కు పెద్ద గాదె చెట్టు మానే.

కోరంగిలో నల్లమడ, తిల్ల లాంటి మడ చెట్ల కింద పడిన ఆకుది వేరే దారి. కొంత ఆటుతో నది మొగ దాటి సముద్రంలోకి పోతుంది, కొంత పీతలు బొరియల్లోకి లాక్కుంటాయి. మిగిలింది బురదలో కూరుకుపోతుంది. ఆకు కన్నా చచ్చిన వేళ్లు ఇంకా ఎక్కువగా అందులో చేరతాయి. ఆ బురదలో కాస్త లోతుకు పోతే ఆక్సిజన్ ఉండదు. అందుకే మడ చెట్టు ఊపిరి వేళ్లను పైకి పంపుకుంటుంది, అందుకే కుళ్లడమూ బాగా నెమ్మది. ఆపైన గోదావరి ఒండ్రు పొర మీద పొర వేస్తుంది. 2011లో వెలువడిన ఇండో-పసిఫిక్ మడ అడవుల అధ్యయనంలో సగటున హెక్టారుకు సుమారు 1,000 టన్నుల కార్బన్ తేలింది, అందులో అధిక భాగం నేలలోదే. ఆ అంకెను కోరంగికి అంటించకూడదు గానీ, దాచుకునే తీరు మాత్రం ఇక్కడా అదే.

సరుగుడు త్వరగా పెరుగుతుంది, గాలిని ఆపుతుంది. కానీ నాలుగైదేళ్లకు నరికితే కార్బన్ కలప లోడుతో పాటే వెళ్లిపోతుంది.

కాబట్టి నా ఓటు మడకే. అయితే ఆ బురదను కదపనంత కాలమే. రొయ్యల చెరువుకని తవ్వి గట్టు పోస్తే ఆ మట్టికి గాలి తగులుతుంది, తరాలుగా పేరుకున్నది కొన్నేళ్లలోనే కార్బన్ డయాక్సైడ్‌గా పోవడం మొదలవుతుంది. మొక్క నాటితే చెట్టు వస్తుంది, ఆ బురద అంత తొందరగా రాదు. అందుకే కొత్తగా మొక్కలు నాటడం కన్నా ముందు, ఉన్న మడను కాపాడమంటాను. పాడైన చోట చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి పోటునీటిని లోపలికి రానివ్వాలి, మొక్కల సంగతి ఆ తర్వాత.